పండగ సరే, నేల మాటేమిటి? సరావక్ బిదాయూల అస్తిత్వ సమస్య

మలేసియాలోని సరావక్ రాష్ట్రంలో జూన్ 1, 2 తేదీలు సెలవు దినాలు. ఆ రోజుల్లో జరిగే గవాయ్ దాయక్ బోర్నియో దీవిలోని దాయక్ ఆదివాసుల కోతల పండగ. వలస ప్రభుత్వం నడిచినన్నాళ్లూ దీనికి అధికారిక గుర్తింపు దక్కలేదు. సరావక్ మలేసియాలో కలిశాక, 1964లో ప్రకటన వెలువడి, 1965 జూన్ 1న తొలిసారి ప్రభుత్వ పండగగా జరిగింది. సరావక్ దాయక్ జనాల్లో ఇబాన్ల తర్వాత సంఖ్యలో పెద్దవాళ్లు బిదాయూలు. పండగ వేదికల మీద నల్లబట్టకు ఎర్ర అంచు కుట్టిన వాళ్ల దుస్తులు కనిపిస్తాయి, కంచు గాంగులు మోగుతాయి, తువాక్ అనే బియ్యపు కల్లు పంచుతారు. ఈ సంస్కృతి రాష్ట్రానికే గర్వకారణమని నాయకులు చెబుతారు. ఆ మాట అబద్ధమని అనను. అయితే ఆ గౌరవం ఏ ఏ వాటికి దక్కింది, వేటికి దక్కలేదు అని విడదీసి చూస్తే బిదాయూల అసలు సమస్య బయటపడుతుంది. ఆట, పాట, దుస్తులు, పుర్రెలు వేలాడే పాత సభామందిరం, ఇవన్నీ చూపించడానికి వీలైనవి కాబట్టి వాటికి చోటు దొరికింది. వీటన్నిటికీ పుట్టుక ఇచ్చిన నేలకూ, ఇంట్లో పిల్లలతో మాట్లాడే భాషకూ చట్టంలోనూ బడిలోనూ దొరికిన చోటు బహు కొద్ది. బిదాయూలు తమ ఆచారాలను తామే వదిలేసుకుంటున్నారని తరచూ వినిపించే విచారం ఈ తేడాను కప్పేస్తుంది.

బిదాయూలు సరావక్‌కు నైరుతి కొసన, రాజధాని కుచింగ్ చుట్టూ ఉన్న లుండు, బావు, పడవాన్, సెరియన్ ప్రాంతాల్లో ఉంటారు. 2010 జనగణనలో వాళ్ల సంఖ్య దాదాపు 2 లక్షలు, అంటే రాష్ట్ర జనాభాలో 8 శాతం. సరిహద్దుకు అవతల, ఇండోనేసియాలోని పశ్చిమ కలిమంతాన్‌లోనూ వాళ్ల బంధుజనం ఉంది. చాలా ఊళ్ల వంశగాథలు ఆ వైపున ఉన్న సుంకుంగ్ ప్రాంతాన్నే పూర్వీకుల చోటుగా చెబుతాయి. అక్కడి నుంచి విడివడిన గుంపులు ఒక్కో కొండను పట్టుకుని స్థిరపడ్డాయి. వాళ్లందరినీ ఏలిన రాజు లేడు, అందరూ కూడిన సభ లేదు. ఊరికో పెద్ద ఉండేవాడు. ఆయన మాటకు మన్నన ఉండేది గానీ ఆజ్ఞ వేసే బలం తక్కువ. భాష సంగతీ అంతే. బావు వైపు జగోయ్, సింగాయ్ మాటలు, పడవాన్ వైపు బియాతా, సెరియన్ వైపు బుకార్-సదోంగ్ ఒకే కుటుంబానికి చెందినా, ఈ కొస మనిషి మాట ఆ కొస మనిషికి తేలిగ్గా అందదు. లుండు దగ్గరి సలాకోల భాష అసలు ఈ కుటుంబానిదే కాదు, మలయ్‌కి దగ్గరి చుట్టం. అయినా ప్రభుత్వ లెక్కల్లోనూ సంఘాల్లోనూ వాళ్లు బిదాయూలే. లుండు మనిషీ సెరియన్ మనిషీ కలిసినప్పుడు ఎక్కువగా మలయ్‌లోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకుంటారు. భాష ఒకటైతేనే జాతి ఒకటనే కొలతతో చూస్తే బిదాయూ జాతి అనేదే లేదని తేల్చాల్సి వస్తుంది. కానీ తమను తాము బిదాయూలుగా చెప్పుకునే జనం కళ్లెదుట ఉన్నారు. వాళ్లను కలిపినవి ఏమిటో వెతకాలంటే చరిత్రలోకి పోక తప్పదు.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ నేల మీద బ్రూనై సుల్తాను పెత్తనం నడిచేది. ఆయన తరఫు దొరలు కొండ ఊళ్ల మీద బలవంతపు బేరం రుద్దారు. వాళ్లు తెచ్చిన సరుకును వాళ్లు చెప్పిన ధరకే కొనాలి, తమ ధాన్యాన్ని వాళ్లు చెప్పిన ధరకే ఇవ్వాలి. సరావక్ నది ఎగువన ఆంటిమొని ఖనిజం బయటపడ్డాక గనుల్లో వెట్టిచాకిరీ తోడైంది. ఈ బాధ పడలేక 1836 ప్రాంతంలో స్థానిక మలయ్‌లూ కొండవాళ్లూ కలిసి తిరగబడ్డారు. అదే కాలంలో తీరం వైపు నుంచి ఇబాన్ దండ్లు వచ్చి పడేవి. 1838 ప్రాంతంలో బావు దగ్గరి బుంగ్ బ్రాతక్ కొండ మీది ఊరు అలాగే నాశనమైంది. ఆడవాళ్లనూ పిల్లలనూ బందీలుగా పట్టుకుపోయారు. ఆ ఊరి సంతతి పలు గ్రామాలుగా చెదిరి బతికింది, ఇప్పటికీ ఆ కొండను తమ మూలస్థానంగా తలచుకుంటుంది. 1839లో వచ్చిన బ్రిటిష్ సాహసికుడు జేమ్స్ బ్రూక్ తిరుగుబాటును అణచడంలో సుల్తాను మనుషులకు తోడ్పడి, 1841లో సరావక్‌కు తానే రాజయ్యాడు. ఆయన రాకతో దాడులూ బలవంతపు బేరాలూ తగ్గిన మాట నిజం. దానితో పాటే ఒక ముద్ర కూడా పడింది. పడవల మీద దండెత్తే ఇబాన్లను బ్రిటిష్ రాతలు సీ దాయక్‌లన్నాయి. లోతట్టు కొండవాళ్లను ల్యాండ్ దాయక్‌లన్నాయి. మొదటివాళ్లు వీరులు, రెండోవాళ్లు మెతకవాళ్లు, కాపాడాల్సినవాళ్లు. తలల వేట రెండు వైపులా ఉన్నా ఈ విభజన మారలేదు. సౌమ్యులు, సిగ్గరులు అనే పేరు బిదాయూలకు నేటికీ అంటిపెట్టుకుని ఉంది. గట్టిగా అడగని జనం అనే అంచనాకు అదే పునాది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. ఎక్కడెక్కడి ఊళ్లనో తెల్ల అధికారులు ఒక గంపలో పోసి పేరు పెట్టారు, ఆ పేరే తర్వాత జాతిగా మారింది, కాబట్టి బిదాయూ అస్తిత్వం కల్పితమే కదా అని. ఇందులో సగం నిజముంది. విడివిడి ఊళ్లను కలిపి లెక్కించింది వలస పాలనే. కానీ ఒకే దొరకు వెట్టి చేసిన ఊళ్లు, ఒకే దండుకు భయపడి కొండ శిఖరాలకు ఎక్కిన ఊళ్లు, ఒకే పన్ను కట్టిన ఊళ్లు తమ అనుభవంలో ఉమ్మడిని చూసుకోవడానికి అధికారి పుస్తకం అక్కర్లేదు. బయటివాళ్లు పెట్టిన పేరును పక్కనపెట్టి, తమ మాటల్లోని పేరును ఇరవయ్యో శతాబ్దంలో అందరికీ కలిపి వాడుకలోకి తెచ్చింది వాళ్లే. ప్రపంచంలో ఏ జాతి పుట్టుక చూసినా ఇలాంటి కూర్పే కనిపిస్తుంది. పెద్ద జాతుల విషయంలో దాన్ని చరిత్ర అంటాం, చిన్న జాతుల విషయంలో కల్పన అంటాం. ఈ రెండు కొలతలూ ఒకేసారి చెల్లవు.

బయటివాళ్ల చూపు ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికి బారుక్ మంచి ఉదాహరణ. పడవాన్ వైపు దీన్నే పంగా అంటారు. ఎత్తైన దుంగల మీద నిలబెట్టిన గుండ్రటి లేదా ఎనిమిది మూలల ఇల్లు, కోసుగా లేచిన ఆకు కప్పు, నడుమ పెద్ద పొయ్యి, పొయ్యికి పైన పొగచూరిన పుర్రెలు. 1855 చివర్లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ సదోంగ్ నది ఎగువ ఊళ్లలో నడుస్తూ ఇలాంటి ఇంట్లోనే బస చేశాడు. 1869లో వెలువడిన 'ద మలయ్ ఆర్కిపెలాగో'లో దాని గురించి రాశాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లలో ఎక్కువమంది పుర్రెల దగ్గరే ఆగిపోయారు. ఊరి పెద్దలు కూర్చుని తగవు తీర్చేది ఆ పొయ్యి చుట్టూనే. పెళ్లికాని కుర్రాళ్లు రాత్రిళ్లు పడుకునేదీ, బాటసారికి బస ఇచ్చేదీ, శత్రువు వస్తే గాంగు కొట్టి ఊరిని లేపేదీ అక్కడే. అంటే ఊరు తనను తాను నడుపుకునే చోటు అది. వాలెస్‌కు ఇంకో మెప్పు కూడా చెల్లాలి. కొండవాళ్ల వెదురు పనిని ఆయన ఇంజనీరు కంటితో చూశాడు. వాగుల మీద మేకు అనేది లేకుండా, వెదురు బొంగులను అడ్డదిడ్డంగా కట్టి, ఒడ్డున ఉన్న చెట్లకు వేలాడదీసిన వంతెనలను విడమరిచి వర్ణించాడు. పడవాన్ కొండల్లో అలాంటి వంతెనలు ఈ శతాబ్దంలోనూ జనాన్ని దాటించాయి. అదే వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాలుస్తారు. అదే వెదురుతో ప్రతువోంగ్ అనే వాద్యం చేస్తారు. లావాటి బొంగు ముక్క తీసుకుని, దాని పై పొర నుంచే సన్నటి పట్టీలను కోసి, రెండు కొసలూ బొంగుకే అంటి ఉండేలా పైకి లేపి, కింద చిన్న పుల్లలు దూర్చి బిగిస్తారు. తీగా గుమ్మటమూ ఒకే ముక్క. దాన్ని పుల్లతో తట్టీ వేలితో మీటీ వాయిస్తే గాంగుల మేళంలోని వరసలు పలుకుతాయి. కంచు గాంగులు కొనాలంటే డబ్బు కావాలి, వెదురు మాత్రం పెరట్లో మొలుస్తుంది. సంస్కృతి అనేది చేతికందే నేల నుంచి ఎలా పుడుతుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ నేలతో బంధం వరి దగ్గర మరింత చిక్కగా కనిపిస్తుంది. 1949 నుంచి రెండేళ్ల పాటు విలియం గెడ్డెస్ అనే మానవ శాస్త్రవేత్త సదోంగ్ ప్రాంతంలోని మెంతు తపూ ఊళ్లో ఉండి చేసిన పరిశోధన 1954లో నివేదికగా వచ్చింది. 1957లో వచ్చిన 'నైన్ దాయక్ నైట్స్' అదే ఊరి జీవితాన్నీ, అక్కడ రాత్రుల తరబడి చెప్పే కిచాపి అనే వీరుడి కథనూ మామూలు పాఠకుల ముందుకు తెచ్చింది. ఆ ఊరివాళ్లది పోడు వ్యవసాయం. అడవి కొట్టి, ఎండబెట్టి, కాల్చి, మగవాళ్లు కర్రతో గుంటలు పొడుస్తూ ముందు నడిస్తే ఆడవాళ్లు వెనక గింజలు వేస్తారు. పంట తీశాక ఆ చెలకను ఏళ్ల తరబడి వదిలేస్తారు, అడవి మళ్లీ కమ్ముకుంటుంది. వరికి ప్రాణముందని, అది అలిగి పోతే ఇంట్లో ధాన్యం నిలవదని నమ్మకం. కోతల తర్వాత గవాయ్‌లో పూజారిణులు ఆ ప్రాణాన్ని పిలిచి, పట్టి తెచ్చి గాదెలో నిలుపుతారు. ఏ రోజు పొలానికి పోకూడదు, ఏ కలకు ఏ కట్టడి, ఏ చెట్టును కొట్టే ముందు ఎవరికి చెప్పుకోవాలి అనే నియమాల మొత్తమే అదాత్. మతం ఒక గదిలో, వ్యవసాయం ఇంకో గదిలో ఉండే అమరిక కాదది. కాబట్టి పోడు తగ్గి మిరియాల తోటలు, రబ్బరు, నెల జీతాలు వచ్చినప్పుడు పూజ కూడా తనంతట తాను పలచబడింది. దానికి ఎవరో దాడి చేయనక్కర్లేకపోయింది.

ఈ సంగతి గమనిస్తే క్రైస్తవం మీద పడే నిందను కొంత తగ్గించుకోవాలి. చర్చి వచ్చి బిదాయూ సంస్కృతిని చంపిందనే మాట పర్యాటకుల నోటా, కొందరు పండితుల నోటా వినిపిస్తుంది. ఆంగ్లికన్ మిషన్ 1848లోనే కుచింగ్ చేరింది. క్వాప్ గ్రామంలో 1860లలో కట్టిన సెయింట్ జేమ్స్ చర్చి ఇంకా నిలిచి ఉంది. 1881లో మిల్ హిల్ సంఘపు కాథలిక్కులు వచ్చారు, త్వరలోనే సింగాయ్ కొండ ఎక్కారు. అయినా చాలా ఊళ్లలో జనం పెద్ద సంఖ్యలో చర్చిలో చేరింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే, కొన్ని చోట్ల 1970లలో, 80లలో. అంటే నూరేళ్ల పాటు ప్రచారం జరిగినా కదలని జనం బడి, రోడ్డు, కూలి డబ్బు వచ్చాక కదిలారు. పాత అదాత్ కష్టమైనది. వరస తప్పకుండా కట్టడులు పాటించాలి, పందులూ కోళ్లూ బలి ఇవ్వాలి, పనిదినాలు పోగొట్టుకోవాలి. బడికి పోయే పిల్లలకూ నగరంలో ఉద్యోగం చేసే తండ్రికీ అది కుదరలేదు. పడవాన్ వైపు బెనుక్ గ్రామంలో పరిశోధన చేసిన లియానా చువా 2012లో వెలువరించిన గ్రంథం ఇంకో ముఖ్యమైన విషయం చూపింది. క్రైస్తవులైనవాళ్లు తాతల ఆచారాన్ని పాపమని చీదరించుకోలేదు, దాన్ని తమ వారసత్వంగా చెప్పుకుంటూ, మిగిలిన కొద్దిమంది వృద్ధులు జరిపే పాత గవాయ్‌లకు తోడుగా నిలిచారు. ఇక్కడ మలేసియా రాజ్యాంగపు నేపథ్యం కూడా తెలియాలి. ఆ రాజ్యాంగంలో మలయ్ అంటే ఎవరనే నిర్వచనంలోనే ఇస్లాం ఉంది. ముస్లింగా మారినవాణ్ణి మలయ్‌లలో కలిశాడని అనుకోవడం జనంలో మామూలు. ముస్లిం బిదాయూలు లేకపోలేదు, వాళ్లు తమ జాతిని వదులుకోనూ లేదు. కానీ మెజారిటీ మతంలో చేరితే జాతి చెరిగిపోతుందేమో అనే భయం ఉన్న చోట, చర్చి బిదాయూలకు తాము తాముగా మిగిలే దారి కూడా అయింది. బైబిలూ ప్రార్థనలూ వాళ్ల మాండలికాల్లోకి రావడంతో, ఆ మాండలికాలు రాతలో నిలబడింది కూడా ఎక్కువగా చర్చిల్లోనే.

కాగా, ఆచారం పోయినా దాని రూపాన్ని కాపాడితే చాలు కదా అనే వాదన ఒకటుంది. సంతుబోంగ్ కొండ పాదాన ఉన్న సరావక్ కల్చరల్ విలేజ్‌లో బిదాయూ ఇల్లూ బారుక్కూ కట్టి చూపిస్తున్నారు. పడవాన్‌లోని అన్నా రాయిస్‌లో పొడుగాటి వెదురు అరుగులతో ఉన్న పాత ఉమ్మడి వసతికి రోజూ పర్యాటకులు వస్తారు, ఊరివాళ్లు బస ఇచ్చి నాలుగు డబ్బులు చూస్తున్నారు. దీన్ని తక్కువ చేయకూడదు. ప్రతువోంగ్ వాయించడం కుర్రాళ్లు మళ్లీ నేర్చుకుంటున్నారంటే అందులో ఇలాంటి వేదికల పాత్ర ఉంది. పర్యాటకం వస్తే సంస్కృతి నకిలీ అవుతుందని తీర్పు చెప్పడం, ఆ డబ్బు అవసరం లేనివాళ్లకు సులువు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. వేదిక మీదికి వచ్చే అంశానికి రక్షణ ఉండి, ఆ అంశం పుట్టిన ఊరికి రక్షణ లేకపోవడం మీద నా అభ్యంతరం. సెంబన్ ఊరి ఉంగరాల అవ్వల కథ ఇక్కడ చెప్పుకోవాలి. చేతులకూ పిక్కలకూ చిన్నప్పటి నుంచి రాగి, ఇత్తడి చుట్లు తొడుక్కుని తీయకుండా బతికిన స్త్రీలు వాళ్లు. మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వాళ్ల ఫొటోలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి, సరావక్ వారసత్వానికి గుర్తుగా చూపించారు. ఆ ఊరు మాత్రం ఉన్న చోట మిగలలేదు.

కుచింగ్ నగరానికి నీళ్ల కోసం సరావక్ నది ఎడమ పాయ మీద బెంగో ఆనకట్ట కట్టారు. కట్టడం 2010లో పూర్తయింది. సెంబన్, రెజోయ్, పాయిన్ బోజోంగ్, తాబా సాయిత్ అనే నాలుగు ఊళ్లను కదిలించారు. దాదాపు 200 కుటుంబాలకు దిగువన పునరావాస కాలనీ కట్టి ఇచ్చారు. రోడ్డు, కరెంటు, బడి, ఆసుపత్రి దగ్గరయ్యాయి. గంటల తరబడి కొండదారి నడిచి, వెదురు వంతెనలు దాటాల్సిన జనానికి అది చిన్న మేలు కాదు. కాలనీకి వెళ్లినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నగరానికి నీళ్లు వద్దనీ ఎవరూ అనరు. అయినా కొన్ని కుటుంబాలు కాలనీ వద్దనుకుని, నీళ్లు ఎక్కని ఎత్తుకు పోయి తమ పూర్వీకుల నేల మీదే కొత్తగా ఇళ్లు కట్టుకున్నాయి. వాళ్లు అభివృద్ధికి అడ్డం పడ్డారని కొందరన్నారు. కాలనీలో దొరికేది ఇల్లూ కొద్దిపాటి సాగు భూమీ. పైన ఉన్నవి తాతలు నాటిన దురియన్ చెట్లు, చెలకలు, సమాధులు, వేట దారులు, వెదురు పొదలు. బియ్యమూ కూరా పండ్లూ డబ్బు లేకుండా వచ్చే చోటు నుంచి, ప్రతిదీ కొనుక్కోవాల్సిన చోటుకు మారడాన్ని పరిహారం లెక్కలు పూర్తిగా పట్టుకోలేవు. పైకి వెళ్లిన కుటుంబాలు వెనకబాటుతనాన్ని ఎంచుకున్నాయని అనడం కన్నా, ఆ లెక్క తమకు తామే వేసుకున్నాయని అనడం న్యాయం.

ఈ లెక్కను చట్టం ఎలా వేస్తుంది? సరావక్ భూమి చట్టం 1958 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే అడవి కొట్టి సాగు చేసిన నేల, పండ్లచెట్లు నాటిన నేల, శ్మశానంగానో పవిత్ర స్థలంగానో వాడిన నేల, వీటి మీద ఆదివాసులకు ఆచార హక్కు ఉంటుంది. చూడటానికి ఉదారంగానే ఉంది. కానీ నిరూపించాల్సిన భారం రైతు మీదే పడింది. పట్టాలూ పటాలూ లేని కాలంలో తాత ఏ చెలక కొట్టాడో, పోడు పద్ధతిలో పదిహేనేళ్లు వదిలేసిన నేల అడవిలా కనిపిస్తున్నా అది ఎవరి చెలకో కోర్టులో చూపించాలి. పైగా ఊరు కలిసి వాడుకునే అడవి సంగతేమిటనేది తేలలేదు. 2016 డిసెంబరులో మలేసియా ఫెడరల్ కోర్టు ఒక ఇబాన్ పెద్ద వేసిన కేసులో, ఊరి పొలిమేర మొత్తం మీదా ఉమ్మడి అడవి మీదా ఉన్న ఆచారానికి సరావక్‌లో చట్టబలం లేదని తీర్పు ఇచ్చింది. కేసు ఇబాన్లదైనా దెబ్బ దాయక్ జనం అందరికీ తగిలింది. నిరసనలు రేగాక 2018లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం సవరించి, అలాంటి ఉమ్మడి భూములకు పరిమితితో గుర్తింపు ఇచ్చింది. ఒక సముదాయానికి 1,000 హెక్టార్లు దాటకూడదని గీత గీసింది. ఇది ముందడుగే. అయినా అడవిలో ఊరి అవసరం ఎంతో ఊరి చరిత్రను బట్టి తేలాలి గానీ అందరికీ ఒకే అంకెను బట్టి కాదు. బిదాయూలకు ఇంకో చిక్కు కూడా ఉంది. వాళ్ల ఊళ్లు కుచింగ్‌కు దగ్గర. నగరం పెరిగే కొద్దీ వాళ్ల నేల ధర పెరుగుతుంది, రోడ్లూ ఇళ్ల కాలనీలూ తోటలూ అటే వస్తాయి. లోపలి అడవుల్లోని జనానికి దుంగల కంపెనీలతో పోరాటం. బిదాయూలది నెమ్మదిగా, ముక్కముక్కగా కరిగిపోయే నష్టం. అందుకే అది వార్త కాదు.

వాళ్లు భూమిపుత్రులు కదా, మలయ్‌లతో సమానంగా ప్రత్యేక హోదా ఉంది కదా అనేది గట్టి ఆక్షేపణ. మలేసియా రాజ్యాంగం 153వ అధికరణ మలయ్‌లకూ, సబా సరావక్ ఆదివాసులకూ ప్రత్యేక స్థానం ఇచ్చిన మాట నిజమే. ఉద్యోగాల్లో, చదువుల్లో కొంత మేలు జరిగింది. ఉపాధ్యాయులుగా, నర్సులుగా, సైన్యంలో, పోలీసులో బిదాయూలు బాగానే ఉన్నారు. రాజకీయంగా సెరియన్, మస్ గాడింగ్, పుంచాక్ బోర్నియో పార్లమెంటు స్థానాలు వాళ్ల బలం ఉన్నవి. కేంద్ర మంత్రులూ రాష్ట్ర మంత్రులూ అయ్యారు. కానీ సరావక్ మలేసియాలో కలిసిన 1963 నుంచి ఇప్పటిదాకా బిదాయూ ముఖ్యమంత్రి ఒక్కరూ రాలేదు. హోదా కాగితం మీద ఉండటానికీ, ఆ కాగితంలో తన పేరు ఉండటానికీ తేడా ఎంతో చూడండి. సరావక్ ఆదివాసుల జాబితాలో రాజ్యాంగం వాళ్లను ల్యాండ్ దాయక్‌లు అనే వలస పేరుతోనే దశాబ్దాల పాటు ఉంచింది. ప్రభుత్వ ఫారాల్లో జాతి అనే గడిలో మలయ్, చైనీస్, ఇండియన్ అని ఉండి, బిదాయూ మనిషి 'ఇతరులు' అనే గడిలో గుర్తు పెట్టాల్సి వచ్చేది. సొంత రాష్ట్రంలో, తన తాతల నేల మీద నిలబడి తాను 'ఇతరుడి'నని రాసుకోవడం చిన్న అవమానంగా తోచవచ్చు. ఏళ్ల తరబడి బడిలో, బ్యాంకులో, ఆసుపత్రిలో రాసుకున్నాక అది చిన్నదిగా ఉండదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఆ గడిని తొలగించాలని నిర్ణయించింది. అంతకన్నా బరువైన అన్యాయం మిశ్రమ వివాహాల పిల్లలది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆదివాసులైతేనే బిడ్డ ఆదివాసి అని పాత నిబంధన. బిదాయూలకూ చైనీయులకూ మధ్య పెళ్లిళ్లు మామూలైన చోట, బిదాయూ ఊళ్లో పెరిగిన పిల్లవాడు చట్టం దృష్టిలో బిదాయూ కాకుండా పోయేవాడు, చదువుకు సీటు కోల్పోయేవాడు. 2022లో రాజ్యాంగ సవరణతో ఆదివాసులెవరో నిర్ణయించే అధికారం రాష్ట్రానికి వచ్చింది. అదే ఏడాది సరావక్ శాసనసభ తల్లిదండ్రుల్లో ఒకరు ఆదివాసి అయినా చాలన్న నియమం తెచ్చింది. ఇంతకాలం పట్టడం బాధాకరం. అయినా అడిగితే చట్టం మారుతుందని అది చూపింది.

సరిహద్దు సంగతి క్లుప్తంగా చెప్పాలి. బోర్నియోను బ్రిటిష్‌వాళ్లూ డచ్చివాళ్లూ పంచుకున్నప్పుడు గీసిన గీత ఒకే మాట మాట్లాడే ఊళ్ల మధ్య నుంచి పోయింది. బావు దగ్గరి సెరికిన్‌లో వారం చివర జరిగే సంతకు ఇండోనేసియా వైపు వ్యాపారులు సరుకు మోసుకొస్తారు. పేము పట్టీలనూ చెట్టు నారనూ కలిపి అల్లిన, వడ్లు ఎండబోయడానికీ పదిమంది కూర్చోవడానికీ పనికొచ్చే పెద్ద చాపలు అందులో ముఖ్యం. సరావక్ వైపు అల్లేవాళ్లు తగ్గారు, అవతలివైపు నుంచి వచ్చిన చాప ఇవతలివైపు ఇంట్లో వారసత్వంగా పరుచుకుంటుంది. గీత ఉన్నా పనితనం ఆగలేదని సంతోషించవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ తొందర అవసరమైనది భాష విషయంలోనే. కుచింగ్‌లో స్థిరపడిన బిదాయూ కుటుంబాల్లో, ముఖ్యంగా జాతులు కలిసిన ఇళ్లలో, పిల్లలతో ఇంగ్లీషూ సరావక్ మలయ్ మాట్లాడటం పెరిగిందని భాషావేత్తలు పదే పదే నమోదు చేశారు. బామ్మ మాట మనవడికి అర్థమవుతుంది, తిరిగి చెప్పడం రాదు. ఆ తర్వాతి తరానికి అర్థం కావడం కూడా ఆగిపోతుంది. తల్లిదండ్రులే అలా ఎంచుకున్నప్పుడు బయటివాళ్లకెందుకు అనే ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ ఎంపిక ఏ పరిస్థితుల్లో జరిగిందో చూడాలి. బడి మలయ్‌లో, ఉద్యోగం ఇంగ్లీషులో, పరీక్ష రెండింటిలో ఉన్నప్పుడు బిదాయూ మాట బిడ్డకు బరువవుతుందని తల్లి భయపడటంలో వింత లేదు. బడిలో ఆ భాషకు ఒక పీరియడ్ ఉంటే అదే తల్లి ఇంకోలా ఎంచుకుని ఉండేదేమో. ఈ దిశగా బిదాయూలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దాయక్ బిదాయూ నేషనల్ అసోసియేషన్, భాషల మీద పనిచేసే ఎస్‌ఐఎల్ సంస్థ కలిసి 2001లో భాషాభివృద్ధి పథకం మొదలుపెట్టాయి. 2003లో అన్ని మాండలికాలకూ పనికొచ్చే ఉమ్మడి రాతపద్ధతిని ఒప్పుకున్నారు. ఏ ఒక్క మాండలికాన్నీ గద్దె ఎక్కించకుండా, అందరూ ఒకే అక్షరాలతో తమ తమ మాట రాసుకునే ఏర్పాటు అది. తర్వాత పల్లెల్లో చిన్నపిల్లల ఆటబడులు తల్లిభాషలో నడిపారు, పుస్తకాలు వేశారు. ఈ పనిలో ఎక్కువ భాగం సంఘం శ్రమే, ప్రభుత్వ బడిలోకి పూర్తిగా ఎక్కలేదు.

మాండలికాలు ఇన్ని ఉన్నప్పుడు ఏది నేర్పాలి అనేది అధికారుల వైపు నుంచి వచ్చే జవాబు. దానికి పొరుగు రాష్ట్రమే బదులు చెబుతుంది. సబాలో కదజాన్, దుసున్ జనాల మాటలు కూడా ఇలాగే చీలి ఉన్నాయి. 1995లో వాళ్ల సంఘాలు ఒక మాటకు వచ్చాయి, 1997 నుంచి కదజాన్‌దుసున్ బడిలో పాఠ్యాంశమైంది. ఆ ఒప్పందంలో కొన్ని మాండలికాలవాళ్లకు అసంతృప్తి మిగిలింది, దాన్ని దాచనక్కర్లేదు. సరావక్‌లోనే ఇబాన్ భాష 2008 నుంచి జాతీయ స్థాయి పరీక్షలో ఉంది. బిదాయూలకు ఉమ్మడి లిపి పద్ధతి ఇప్పటికే చేతిలో ఉంది. ఒకే ప్రామాణిక రూపం మీద పట్టుబట్టకుండా, సెరియన్ బడిలో బుకార్-సదోంగ్, బావు బడిలో జగోయ్, పడవాన్‌లో బియాతా, లుండులో సలాకో నేర్పవచ్చు. నాలుగు పాఠ్యపుస్తకాలు, నాలుగు చోట్ల శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, పరీక్షలో మాండలికం ఎంచుకునే వెసులుబాటు, అడుగుతున్నది ఇంతే. ఒక రాష్ట్రానికి ఇది మోయలేని ఖర్చు కాదు. 2022 చట్టం కుచింగ్ అపార్టుమెంటులో పుట్టిన మిశ్రమ దంపతుల బిడ్డను ఆదివాసిగా గుర్తించింది. ఆ బిడ్డ ఏడో ఏట ఒకటో తరగతిలో చేరేటప్పుడు ఆ గుర్తింపుతో పాటు ఒక వాచకం కూడా చేతికి రావాలి. పాఠం చెప్పగల బామ్మలూ తాతలూ ఊళ్లలో ఇంకా ఉన్నారు గనుక, ఆ పని ఈ పదేళ్లలో జరగాలి.